మే నెల ఎండను చూపి మాఘం పంటను కాదంటారా?

విజయవాడలో మొక్కలు పెంచేవాళ్ళు నలుగురు కూడిన చోట స్ట్రాబెర్రీ మాటెత్తి చూడండి. జవాబు ఒక్కటే వస్తుంది. "అది చలిదేశపు మొక్కండీ, మన ఎండలకు ఎక్కడ బతుకుతుంది?" నర్సరీకి వెళ్ళినా అదే మాట. "లంబసింగి వెళ్ళినప్పుడు తినండి. ఇక్కడ పెట్టారంటే డబ్బు దండగ." గుణదలలో దీనికి ఇంకో కారణం కూడా జోడిస్తారు. పక్కనే కొండ, పగలంతా కాగిన బండరాయి రాత్రికి కూడా సెగ వదలదు, ఇలాంటి చోట స్ట్రాబెర్రీ ఏమిటంటారు. ఇంత గట్టిగా చెప్పేవాళ్ళలో పెంచి చూసినవాళ్ళెందరో, విన్నది చెబుతున్నవాళ్ళెందరో ఎవరూ ఆరా తీయరు. ఒక నోట పుట్టి నాలుగు నోళ్ళలో నానిన మాట శాస్త్రమైపోయింది.

ఈ మాట తప్పు. విజయవాడ వేసవి మండిపోతుందన్నది నిజం. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, కొన్నేళ్ళు నలభై అయిదు కూడా చూశాం. ఆ ఎండలో స్ట్రాబెర్రీ బతకదన్నదీ నిజమే. కానీ నవంబరులో నాటి మార్చిలో పీకేసే పంటకు మే నెల ఎండతో ఏం పని? పంట ఉండే నాలుగు నెలల్లో వాతావరణం ఎలా ఉందో చూడాలి గానీ, పంటే లేని నెలను చూసి తీర్పు చెప్పడం ఏం న్యాయం?

చామంతినే చూడండి. దసరా వెళ్ళాక కడియం నుంచి బండ్ల మీద మొక్కలు దిగుతాయి. కొని తెచ్చుకుంటాం, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పూలు కోసుకుంటాం. ఎండలు ముదిరాక మొక్క ఎండిపోతే కుండీ ఖాళీ చేసి పక్కన పెడతాం. అంతే తప్ప "చామంతి మన నేలకు రాదు" అని ఎవరూ అనరు. దానికో కాలం ఉందని అందరికీ తెలుసు. అదే స్ట్రాబెర్రీ దగ్గరికి వచ్చేసరికి, ఒకసారి పెడితే జామచెట్టులా ఏళ్ళతరబడి నిలబడి కాయాలని ఎదురుచూస్తాం. ఏప్రిల్లో అది వాడిపోగానే ఓడిపోయామనుకుంటాం. వృక్షశాస్త్రం ప్రకారం అది బహువార్షికం, కాదనను. సాగులో మాత్రం దాన్ని అలా చూసేవాళ్ళు తక్కువ. మన దేశంలో పండే స్ట్రాబెర్రీలో సుమారు 85 శాతం మహాబలేశ్వరం, పంచ్‌గని ప్రాంతం నుంచే వస్తుంది. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కిన పంట అది. అంత చల్లటి కొండ మీద కూడా రైతులు ఏటేటా కొత్త మొక్కలు నాటుకుంటారు. కొండ మీది రైతుకే ఏడాది మొక్క అయినది, గుణదలలో డాబా మీద మాత్రం శాశ్వతంగా ఉండాలా?

"చలిదేశపు మొక్క" అన్న మాటను కూడా కాస్త లోతుగా చూడాలి. ఈరోజు మనం తినే పెద్ద స్ట్రాబెర్రీ ఏ దేశపు అడవిలోనూ పుట్టలేదు. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ తీరం నుంచి కొన్ని మొక్కలు ఓడలో తెచ్చాడు. నెలల తరబడి సాగిన ప్రయాణంలో మంచినీళ్ళకు కటకటపడుతూ కూడా వాటికి నీళ్ళు పోశారు, చివరికి అయిదు మొక్కలు బతికి ఒడ్డుకు చేరాయి. తీరా చూస్తే అవన్నీ ఆడమొక్కలే, పూసేవి గానీ కాసేవి కావు. ఉత్తర అమెరికాలోని వర్జీనియా రకాన్ని వాటి పక్కన పెంచాక గానీ కాయ పడలేదు. ఆ రెండింటి కలయికతో ఫ్రెంచి తోటల్లో పుట్టిన సంకరమే నేటి స్ట్రాబెర్రీ. అది సంకరమేనని 1766లో ద్యుషేన్ అనే యువకుడు రాసిపెట్టాడు. అంటే దీని వయసు మూడు వందల ఏళ్ళు కూడా లేదు. తోటమాలులు పుట్టించిన మొక్క ఇది, తోటమాలులు కోరినట్టల్లా మారుతూ వచ్చింది. మంచు దేశంలో చలికి తగ్గ రకాలు తయారయ్యాయి, వెచ్చటి దేశంలో వెచ్చటి రకాలు తయారయ్యాయి.

మన దేశంలో బాగా పేరున్న రకాల్లో స్వీట్ చార్లీ, వింటర్ డాన్ ఎక్కడివి? ఫ్లోరిడా విశ్వవిద్యాలయం విడుదల చేసినవి. ఫ్లోరిడా అంటే నారింజ తోటలు, తాటి జాతి చెట్లు, తుపాన్లు, ఉక్కపోత. అక్కడ ప్లాంట్ సిటీ అనే ఊళ్ళో 1930లో మొదలైన స్ట్రాబెర్రీ ఉత్సవం ఇప్పటికీ జరుగుతోంది. అక్కడి రైతులు అక్టోబరు ప్రాంతంలో నాటి, చలికాలమంతా కోసి, ఎండలు రాగానే మొక్కలు తీసేస్తారు. ఇక ఈజిప్టు, ప్రపంచంలో ఎక్కువగా స్ట్రాబెర్రీ పండించే దేశాల్లో ఒకటి. అక్కడ పండేది నైలు నది డెల్టాలో, చలికాలంలోనే. ఎడారి పక్కన, నది కాలువల కింద, వేసవిలో నిప్పులు కురిసే నేల మీద పండుతున్న పంటను చలిదేశపు మొక్క అని కృష్ణా డెల్టాలో కూర్చుని మనం కొట్టిపారేస్తున్నాం.

ఇక్కడ అవతలివాళ్ళు వేయదగ్గ సరైన ప్రశ్న ఒకటుంది. ఫ్లోరిడాలో జనవరి రాత్రులు పది పన్నెండు డిగ్రీలకు దిగుతాయి, నైలు డెల్టాలో ఇంకా చల్లన, మరి విజయవాడలోనో? నిజమే, మనకు డిసెంబరు, జనవరి రాత్రుల్లో సాధారణంగా పద్దెనిమిది, పంతొమ్మిది డిగ్రీలుంటుంది. పగలు ముప్ఫై దగ్గర ఆడుతుంది. ఈ తేడా చిన్నది కాదు. అందుకే దీని లెక్క విడమరచి చెప్పాలి.

స్ట్రాబెర్రీ మొగ్గ తొడగడానికి రెండు సంగతులు కలిసిరావాలి. ఒకటి పగటి నిడివి, రెండోది చల్లదనం. సాధారణ రకాలు పగలు పద్నాలుగు గంటల కంటే తక్కువున్నప్పుడే మొగ్గకు పూనుకుంటాయి. ఉత్తర ఐరోపాలో వేసవి పగళ్ళు పదహారు గంటలు దాటుతాయి కాబట్టి అక్కడ ఆ మొక్క శరదృతువు దాకా ఆగాలి. గుణదల ఉన్నది పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మనకు ఏడాదిలో అతి పెద్ద పగలు కూడా పదమూడు గంటలకు కాస్త పైన, చలికాలంలోనైతే పదకొండు గంటల పైచిలుకు. అంటే మొదటి షరతు మనకు ఏడాది పొడుగునా తీరే ఉంది. అడ్డుపడేది వేడి ఒక్కటే. కొండ ప్రాంతపు నర్సరీలో వానాకాలం చల్లదనంలో పెరిగిన పిలకలో చాలావరకు మొగ్గ అక్కడే మొదలై ఉంటుంది. అలాంటి మొక్కను నవంబరులో తెచ్చి నాటుకుంటే మొదటి గుత్తికి మన రాత్రుల చలితో నిమిత్తం లేదు. ఆ తర్వాతి గుత్తులు ఆ ఏటి చలిని బట్టి ఉంటాయి. మంచి చలి పడిన ఏడు ఎక్కువ, రాత్రులు వెచ్చగా గడిచిన ఏడు తక్కువ. పండు కూడా మహాబలేశ్వరం పండంత ఉండదు. వెచ్చదనానికి త్వరగా పండుతుంది కాబట్టి చిన్నదిగానే ఆగిపోతుంది.

కాబట్టి దిగుబడి ఎంత అంటే, ఒక మొక్కకు సీజను మొత్తం మీద గుప్పెడు పండ్లు. నా డాబా మీద కూడా అంతే. కిలోల లెక్కన కోసి అమ్ముకుందామనుకునేవాళ్ళు లంబసింగి, చింతపల్లి వైపు వెళ్ళాలి. వెయ్యి మీటర్ల దరిదాపుల ఎత్తులో వాళ్ళకున్న చలి మనకు లేదు. నేను మాట్లాడుతున్నది ఇంటి తోట గురించి. ఇంటి తోటలో పది కుండీల నుంచి జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోజుకు రెండో మూడో పండ్లు వస్తే దాన్ని రాలేదనడం ఏ లెక్క ప్రకారం? గులాబీకి రోజుకో పువ్వు పూస్తే పొంగిపోతాం కదా.

మరి ఇంతమంది పెట్టి చూసి విఫలమయ్యారంటే దానికి కారణం ఉండాలి కదా అంటారు. ఉంది. ఆ వైఫల్యాల్లో చాలావాటికి మన వాతావరణంతో సంబంధం లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేసిన పని తప్పయితే నేరం ఊరి మీదికి నెట్టాం.

ముందు విత్తనాల సంగతి. ఆన్‌లైన్లో విత్తనాల పొట్లం తెప్పించి చల్లినవాళ్ళే ఎక్కువ. ఆ పొట్లాల మీద నీలం రంగు స్ట్రాబెర్రీ, నల్ల స్ట్రాబెర్రీ బొమ్మలు కూడా ఉంటాయి. నీలం స్ట్రాబెర్రీ అనేది సృష్టిలో లేదు. దాన్ని అమ్మేవాడు చేసేది మోసం, ఇంకో పేరు పెట్టనక్కర్లేదు. నిజమైన విత్తనమే అయినా, సంకర మొక్క గింజ తల్లి గుణం తేదు. మొలవడానికి వారాలు, కాపుకు రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు మన చలికాలంలో ఇమడవు. అందుకే ఎక్కడా రైతు గింజ వేసి స్ట్రాబెర్రీ తోట పెట్టడం మామూలు కాదు, పిలకలే నాటుతాడు. ఇంకో మోసం కూడా ఉంది. మొక్కకు మూడేసి ఆకులు, నేల మీద పాకే తీగ, ఎర్రటి చిన్న కాయ చూపించి స్ట్రాబెర్రీ అని అంటగడతారు. పువ్వు చూడండి. తెల్లగా ఉంటే స్ట్రాబెర్రీ. పసుపుపచ్చగా ఉంటే అది వేరే అడవి మొక్క, దాని కాయ నీళ్ళు తాగినట్టు చప్పగా ఉంటుంది. ఆ కాయ తిని "మన దగ్గర పండితే రుచి రాదు" అని తేల్చినవాళ్ళు కూడా ఈ ఊళ్ళో ఉన్నారు.

రెండోది కాలం. తొలకరికి మొక్కలు పెట్టడం మనకు అలవాటు. నర్సరీల వాళ్ళు కూడా జూన్, జూలైలలోనే స్ట్రాబెర్రీ కుండీలు బయట పెడతారు. ఆ ఉక్కపోతకు, ఆగస్టు ముసురుకు మొవ్వు కుళ్ళి మొక్క పోతుంది. అక్టోబరులో నాటినా డెల్టాలో ప్రమాదమే, ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఆ రోజుల్లోనే. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి కార్తీకంలో నాటుకున్నా సరే, వాయుగుండం వార్త వినగానే కుండీలను సన్‌షేడ్ కిందికి జరపగలిగేలా ఉండాలి. నేల మీద నాటినవాడికి ఈ వీలు లేదు. నేలలో వద్దనడానికి ఇంకో కారణం మన నల్లరేగడి. ఆమ్లగుణం కాస్త ఉన్న మట్టి స్ట్రాబెర్రీకి కావాలి, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 వరకు. రేగడి దానికి ఎదురు. పైగా నీరు పట్టి ఉంచుతుంది. ఇక్కడ మాత్రం "మన నేలకు రాదు" అన్నవాళ్ళ మాట అక్షరాలా నిజం. నేలకు రాదు, కుండీకి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద కారణం నీళ్ళు. దీన్ని పట్టించుకున్నవాళ్ళు దాదాపు లేరు. ఉప్పును ఏమాత్రం ఓర్చుకోలేని పంటల్లో స్ట్రాబెర్రీ ముందుంటుంది. మట్టిలో లవణ తీవ్రత కొలమానం మీద 1 దాటితే చాలు, దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఆపైన ఒక్కో మెట్టుకు మూడో వంతు చొప్పున పోతుంది. మన వరి అదే కొలమానం మీద 3 దాకా ఆగుతుంది. వరికి సరిపోయిన బోరు నీళ్ళు దీనికి విషమని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. బకెట్టు అంచున తెల్లటి చార కట్టే నీళ్ళు మీ బోరువైతే ఆ నీళ్ళు దీనికి పోయొద్దు. ఇక ఇళ్ళలో మంచినీటి ఫిల్టరు నుంచి బయటికొచ్చే వృథా నీళ్ళను బకెట్లకు పట్టి మొక్కలకు పోయడం ఇప్పుడు మంచి అలవాటుగా చెలామణీ అవుతోంది. నీళ్ళ పొదుపు మంచిదే. కానీ ఆ యంత్రం చేసే పని ఉప్పంతా ఆ నీళ్ళలోకి తోసెయ్యడమే. బంతి, బెండ తట్టుకుంటాయేమో గానీ స్ట్రాబెర్రీ ఆకుల అంచులు ముందు గోధుమరంగుకు తిరిగి, రొట్టె మాడినట్టు లోపలికి మాడుతూ వస్తాయి. అది చూసి "ఎండదెబ్బ" అంటారు. డిసెంబరులో ఎండదెబ్బ ఏమిటన్న అనుమానం కూడా రాదు. కుండీ మట్టిలో కలిపే కొత్త కొబ్బరిపొట్టులోనూ ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండి వాడాలి. మన అదృష్టం, కార్పొరేషన్ కుళాయిలో వచ్చేది కృష్ణ నీళ్ళు. సముద్రం వైపు, బందరు దాకా వెళ్ళేకొద్దీ భూమి లోపలి నీళ్ళు ఉప్పన. విజయవాడ నది ఒడ్డున కూర్చుంది. స్ట్రాబెర్రీ విషయంలో మనకున్న అతి పెద్ద బలం ఇదే. దాన్ని వదిలేసి బోరు నీళ్ళు పోసి, ఎండను తిట్టుకుంటున్నాం.

నాటడంలో ఒక్క మెళకువ ముఖ్యం. మొక్క నడుమ ఆకులు పుట్టుకొచ్చే మొవ్వు మట్టి అంచుకు సరిగ్గా సమానంగా ఉండాలి. వేలెడు లోతుకు పోతే కుళ్ళుతుంది, పైకి తేలితే వేళ్ళు ఎండుతాయి. కుండీ మట్టిదైతే మేలు. దాని ఒంటి మీది చెమ్మ ఆరుతూ వేళ్ళను చల్లగా ఉంచుతుంది, నల్ల ప్లాస్టిక్ సంచి వేళ్ళను ఉడకబెడుతుంది. కుండీని డాబా గచ్చు మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద, తూర్పు పిట్టగోడ వైపు పెడితే పొద్దుటి ఎండ దొరుకుతుంది, రాత్రి గచ్చు వదిలే సెగ తగలదు. గుణదల కొండ సెగ గురించి బెంగపడేవాళ్ళకు కూడా ఇదే జవాబు. మొక్క కింద వరిగడ్డి పరిస్తే పండు మట్టికి తగలదు, డెల్టాలో వరిగడ్డికి కరువు లేదు. పువ్వు విచ్చిన రోజు పది గంటలప్పుడు మెత్తటి కుంచెతో నడుమ గుండ్రంగా ఒకసారి తిప్పాలి. స్ట్రాబెర్రీ ఒంటి మీద కనిపించే ప్రతి గింజా నిజానికి ఒక కాయ. ఏ గింజకు పుప్పొడి అందలేదో అక్కడ కండ ఉబ్బదు, పండు వంకరపోతుంది. మేడ మీద తేనెటీగలు తిరిగే ఇంట ఈ కుంచె పని కూడా అక్కర్లేదు. ఎర్రబడ్డ పండ్లను గోరింకల నుంచి, పికిలిపిట్టల నుంచి కాపాడటానికి వల కప్పాలి. అంతకుమించి దీనికి చాకిరీ లేదు.

"ఇంత తంటా ఎందుకండీ, బెంజి సర్కిల్ దగ్గర డబ్బా కొనుక్కుంటే పోయె" అనేవాళ్ళకు నా జవాబు కాస్త పొడుగైనా వినాలి. మనం మామిడి తెలిసినవాళ్ళం. నూజివీడు రసాలను పచ్చిగా కోసి, గడ్డిలో మాగేసి, వాసన వచ్చాక తింటాం. నున్న మార్కెట్ నుంచి పచ్చికాయే లారీలెక్కి దేశం మీదికి పోతుంది, చేరిన చోట తియ్యబడుతుంది. అరటీ అంతే, బొప్పాయీ అంతే. కోశాక మాగడం పండు ధర్మమని మన మనసులో పాతుకుపోయింది. స్ట్రాబెర్రీకి ఆ గుణం లేదు. తీగ నుంచి తెంపిన క్షణానికి ఎంత తీపి ఉందో అంతే. ఆ తర్వాత రంగు ఎక్కుతుంది, మెత్తబడుతుంది, తీపి మాత్రం పెరగదు. మహాబలేశ్వరం నుంచి విజయవాడకు ఒకటిన్నర రాష్ట్రం దాటి రావాలంటే పూర్తిగా పండాక కోస్తే దారిలోనే నీరైపోతుంది. అందుకని ముప్పావు ఎరుపుకే కోస్తారు. రైతు తప్పు లేదు, దూరం అలాంటిది. దాని ఫలితంగా ఈ ఊళ్ళో రెండు తరాలు స్ట్రాబెర్రీ అంటే పుల్లటి పండని, చక్కెరో క్రీమో వేసుకుని తినే పండని అనుకుంటున్నాయి. తొడిమ దాకా ఎరుపెక్కి, దగ్గరికి వెళ్ళగానే వాసన తగిలే పండును పొద్దున్నే తెంపి అప్పుడే నోట్లో వేసుకుంటే తెలిసే తీపిని డబ్బాలో కొనే మార్గం విజయవాడలో లేదు. దాని ధర ఎంతన్నది కాదు ప్రశ్న. అమ్మేవాడే లేడు. పండిన స్ట్రాబెర్రీ తినాలంటే గుణదలవాడికి ఉన్న దారి ఒక్కటే, పెంచుకోవడం. మేడ మీద పండుకు ప్రయాణం లేదు కాబట్టి పరిమాణంలో ఓడినా తీపిలో అది నిలుస్తుంది.

పరాయి పండు మనకెందుకు, జామ పెట్టుకోవచ్చు కదా అని కూడా అంటుంటారు. జామ తప్పకుండా పెట్టుకోవాలి. కానీ జామ కూడా అమెరికా నుంచి వచ్చిందే. సీతాఫలం, సపోటా, బొప్పాయి, జీడిమామిడి అక్కడివే. కృష్ణ దాటితే గుంటూరు, ఆ గుంటూరుకు పేరు తెచ్చిన మిరప పోర్చుగీసు ఓడల కాలంలో మన దేశానికి చేరింది. వాటిని ఆరోజు ఎవరో "ఇది మన మొక్క కాదు" అని పక్కన పెట్టి ఉంటే మన వంటింట్లో ఆవకాయకు కారమే లేదు. స్ట్రాబెర్రీ తల్లిదండ్రులిద్దరూ ఆ అమెరికా ఖండాల నుంచే వచ్చారు. మిరపకు తలుపు తీసి దీనికి మూయడానికి కారణం చూపగలరా?

మనవాళ్ళు ఒక మాట అంటారు, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని. స్ట్రాబెర్రీకి పంచాంగం అదే. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్ళకు జనం కొండెక్కే రోజుల్లో కాపు బాగా ఉంటుంది. శివరాత్రి దాటాక ఎండ చురుక్కుమంటుంది, ఆకుల అడుగున ఎర్రనల్లి కనబడుతుంది, పండు గోలీ అంత అవుతుంది. అప్పుడు మొక్కను బతికించాలని నీడవలలు, ఫ్యాన్లు, ఐసు నీళ్ళు అంటూ అవస్థ పడొద్దు. పీకి కంపోస్టులో వేసి, ఆ కుండీలో తోటకూర చల్లుకోండి.

నిజంగా అడగవలసింది ఇంకొకటుంది. వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి మనకో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కొండ ప్రాంతపు స్ట్రాబెర్రీ సాగు గురించి మాట్లాడుతున్నట్టే, కోస్తా మైదానంలో డాబాల మీద ఏ రకం ఎంత కాస్తుందో నాలుగు ఊళ్ళలో పెట్టి చూసి చెప్పాలి. వింటర్ డాన్ మేలా, స్వీట్ చార్లీ మేలా అన్నది ఎవరి మేడ మీద వాళ్ళు తేల్చుకునే పరిస్థితి ఉండకూడదు. అది జరిగేలోగా మన చేతిలో పని ఒకటి ఉంది. ఈ కార్తీకానికి కొండ నర్సరీల నుంచి పిలకలు తెప్పించమని మీకు తెలిసిన నర్సరీవాళ్ళకు సెప్టెంబరులోనే చెప్పి పెట్టండి. పదిమంది ముందుగా అడిగితే తెప్పిస్తారు. జూన్‌లో అదే మొక్క చూపించి కొనమంటే మాత్రం, నవంబరులో వస్తామని చెప్పి వచ్చెయ్యండి.